గునపాల దిబ్బ

గునపాలు గోనెసంచుల్లో వచ్చాయి. బంగళా పెరట్లో వాటిని కుమ్మరించి, "రేపు అతిథులొస్తున్నారు. తళతళలాడాలి" అన్నాడు మేనేజరు. దొరగారి బంగళాను మ్యూజియం చేస్తున్నారు. ఈ దీవి చరిత్రంతా గాజుపెట్టెల్లో పెడతారట.

మేం ఎస్టేటులో కొబ్బరికాయలు వలిచే ఆడవాళ్ళం. నేలలో పాతిన గునపం మొనకు కాయను గుచ్చి పీచు తీయడం మా పని. ఆ రోజు మాత్రం ఇసుకా బూడిదా వేసి ఇనుము తోమాం. గునపాలకు చుట్టి ఉన్న మురికిగుడ్డలను కోసి మంటలో పడేశాం.

"పాత షెడ్డువై ఉంటాయి" అంది పక్కింటి వదిన.

మా అత్త చేయి ఆగిపోయింది. "షెడ్డులో ఉండేది ఇసుక కదే. ఈ గునపాల మొదళ్ళకు ఎర్రమన్ను ఎక్కడిది?"

ఎర్రమన్ను దీవి మొత్తంలో ఒక్క దిబ్బ మీదే ఉంది. మా వాళ్ళను పూడ్చే దిబ్బ. సమాధికి రాయి పెట్టే తాహతు మాకెప్పుడూ లేదు. చనిపోయిన మనిషి గునపాన్నే ఆమె తలవైపు పాతుతాం. పనిలో ఉండగా ఒకరిది ఒకరు పట్టుకుపోకుండా, ఎవరి పాతచీర పేలికను వాళ్ళు తారులో ముంచి గునపానికి చుట్టుకుంటారు. ఏది ఎవరిదో చెప్పేది ఆ గుడ్డే.

పరుగెత్తాం. దిబ్బ మీద ఒక్క గునపమూ లేదు. పైమన్ను గీకేసి, అతిథుల కాటేజీల పునాదులకు సున్నంతో గీతలు గీశారు.

"మా అమ్మ ఇక్కడే" అంటూ అత్త కూలబడింది. మళ్ళీ లేచింది. "కాదు, అటువైపు." ఎటూ తేల్చుకోలేకపోయింది. గుడ్డలు కాల్చింది మేమే.

"ఇనుము ఎస్టేటుది" అన్నాడు మా వెనకే వచ్చిన మేనేజరు. "మీవాళ్ళని గౌరవంగా గాజులో పెడుతుంటే ఈ ఏడుపేంటి?"

"బతికున్నప్పుడు బంగళా మెట్లెక్కనివ్వలేదు. చచ్చాక నట్టింట్లో కూర్చోబెడతారా?" అంది వదిన.

సాయంత్రం షెడ్డులో అందరం చేరాం. "పడవ కూడా వాళ్ళదే. వెళ్ళగొడితే పిల్లల్ని వీపునేసుకుని ఈదుకుంటూ పోతావా?" అని ఒకామె అరిచింది.

చివరికి అత్త అంది: "నాకూ భయమేనే. అయినా రేపు నేను మెట్లెక్కుతా. రాలేనివాళ్ళని ఏమీ అనొద్దు."

అందరం వెళ్ళాం.

లోపల గైడు చెబుతున్నాడు: "దొరగారు ఒంటిచేత్తో ఈ దీవిని తోటగా మార్చారు."

"ఒంటిచేత్తోనా? మరి ఇవెవరివి నాయనా?" అని అత్త కాయలు కాసిన రెండు చేతులూ ముందుకు చాపింది. ఇది కూడా ప్రదర్శనలో భాగమనుకుని ఒకాయన చప్పట్లు కొట్టాడు.

పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు గాజుపెట్టె తెరిపించి, మెత్తగానే అన్నాడు: "గొడవెందుకు పెద్దమ్మా? మీ అమ్మదేదో చూపించి తీసుకుపో."

అత్త ఒక్కో గునపాన్నీ తడిమింది. అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి.

"బాగా తోమేశాం బాబూ" అంది. "అన్నీ ఇచ్చెయ్."

చేతికందినన్ని ఒళ్ళోకి లాక్కుంది. దొంగతనం కేసు పెట్టారు. దొరలు తప్ప ఎవరూ అడుగుపెట్టని రాతిరేవు మీదుగా ఆమెను పడవెక్కించారు. ఆ రేవు తొక్కడం ఆమెకదే మొదటిసారి.

ఒడ్డున నిలబడి చూశాం. అంతకుమించి ఏం చేయగలం? పడవ చిన్నదైపోయింది. ఇంతలో దిబ్బవైపు నుంచి మన్ను తవ్వే యంత్రం చప్పుడు మొదలైంది.

వదిన షెడ్డులోకి నడిచింది. రోజూ తను కాయలు వలిచే గునపాన్ని అటూ ఇటూ ఊపి పెరికింది. దాని పక్కనున్న అత్త గునపాన్ని నేను పెరికాను. కాసేపటికి షెడ్డంతా గుంటలే.

దిబ్బ మీద సున్నపు గీతల పొడవునా వాటిని పాతాం, మొనలు పైకి. యంత్రం ఆగుతుందన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు.

డ్రైవరు తల బయటపెట్టి, "తప్పుకోండమ్మా! నాకు చెప్పిన పని నేను చేసుకోవాలి" అన్నాడు.

"చేసుకో తమ్ముడూ" అంది వదిన. కొంగు చివర చింపి, అత్త గునపానికి బిగించి ముడేసి, దాని పక్కన కూర్చుంది. మేమూ మా కొంగులు చింపుకున్నాం.