రొయ్యల పాట పుట్టిన గిటారు

నేను ఒక ఎలక్ట్రిక్ గిటారును. మనుషుల చేతులంటే నాకు అసహ్యం. గిటారు అనవలసిన మాట కాదిది, తెలుసు. చేతులు తగలకపోతే నేను ఒట్టి చెక్కముక్కను. అయినా నిజం చెప్పాలి కదా. మీ చేతులను మీరు దూరం నుంచి చూసుకుంటారు, వాటిని ఒంటి మీద భరించేది నేను. బిరియానీ తిని లుంగీకి తుడుచుకున్నవీ, గుట్కా నలిపినవీ, అబద్ధం చెబుతూ చెమట పట్టినవీ అన్నీ నా మెడ మీద నడిచి వెళ్ళినవే.

నన్ను చేసింది కలకత్తాలో, మంచాలూ తలుపులూ చేసే ఒక కొట్లో. ఎవరిదో పెళ్ళి మంచానికని కోసిన చెక్కలో కొంత మిగిలితే మేస్త్రి దాన్ని నా ఒళ్ళుగా చెక్కాడు. ఎడమ భుజం కాస్త లావుగా వచ్చింది. అది కనపడకుండా ఎర్రరంగు మందంగా పూశాడు. మంచాన్నే అయి ఉంటే ఒక్క ఇంటి గొడవలతో నా బతుకు గడిచిపోయేది.

విశాఖపట్నంలో నన్ను మొదట కొనిపించుకున్నది ఒక పళ్ళ డాక్టరుగారి అబ్బాయి. నన్ను భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడేవాడు. నా తీగలను ఒక్కసారి కూడా శ్రుతి చేయలేదు, తన జుట్టును మాత్రం రోజూ శ్రుతి చేసుకునేవాడు. మోజు తీరాక డాక్టరుగారు నన్ను జ్ఞానాపురంలో ఒక చర్చికి ఇచ్చేశారు. దేవుడి పాటలో ఈ చప్పుడేమిటని అక్కడి పెద్దలు నా శబ్దాన్ని దోమపాటి స్థాయికి తగ్గించారు. దోమల్ని తోలుతూనే స్తోత్రాలు పాడారు.

ఆ చర్చిలోనే పొట్నూరు సునందరావు నన్ను చేతిలోకి ఎత్తుకున్నాడు, పీడ పోయిందని పెద్దలు నన్ను అతనికే వదిలేశారు. అతను ఫలానా వాయిద్యం వాయిస్తాడని చెప్పడం కష్టం. డ్రమ్ములవాడు రాకపోతే డ్రమ్ములు, కీబోర్డువాడు అలిగితే కీబోర్డు అతనే వాయించేవాడు. ఆడగొంతు తక్కువైతే సన్నగా, మగగొంతు తక్కువైతే బొంగురుగా పాడేవాడు. పెళ్ళి విందుల్లో వాయించాడు. ఎన్నికల పాటలు కట్టాడు. ఒక ఫినాయిలు కంపెనీకి ప్రకటన పాట చేశాడు, అది విన్నవాళ్ళకు నిజంగానే ఇల్లు కడగాలనిపించేది. ఇంత పనితనాన్ని ఊరు ఒక్క మాటతో సరిపెట్టింది: "ఆడా? అన్నీ వాయించేస్తాడు." మెచ్చుకుంటున్నట్టు వినిపించే ఈ మాటకు అర్థం, అతనికంటూ ఏదీ లేదని.

అతనికంటూ ఒకటుంది. దాన్ని పవర్ పాప్ అంటారు. గిటారు గోడలు అదిరేలా మోగాలి, పాట మాత్రం పాలబ్బాయి కూడా ఈల వేసుకునేంత తేలిగ్గా ఉండాలి. చెప్పేది సూటిగా చెప్పి, విసుగు పుట్టేలోపు ముగించాలి. సునందరావు అలాంటి పాటలు తెలుగులో రాసేవాడు. వాటిలో ప్రతిదానికీ ఒక చిత్రమైన మలుపు ఉండేది. పాట ఇక కిందికి దిగుతుందనుకునే చోట ఒక్క మెట్టు పైకెక్కేది. నా మెడ మీద అతని చిటికెనవేలు అక్కడికి సాగినప్పుడల్లా నా చెక్కలో ఏదో కదిలేది.

అతని భార్య కనకం. మేనమామ కూతురు. రొయ్యల ఫ్యాక్టరీలో తొక్క ఒలిచే పని. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్ళి, మంచునీళ్ళలో చేతులు పెట్టుకుని షిఫ్టంతా నిలబడేది. ఎంత సబ్బు రాసినా, నిమ్మడిప్ప పెట్టి తోమినా ఆ వాసన పోదు. పెళ్ళైన కొత్తలో ఎవరైనా ఇంటికి వస్తే చేతులు కొంగు కింద దాచుకునేది. పేరంటానికి పిలిస్తే వెళ్ళేది కాదు.

ఒక ఆదివారం ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఆమె అలా చేతులు దాచుకోవడం చూసి, వాళ్ళు వెళ్ళాక సునందరావు నన్ను ఒళ్ళోకి తీసుకున్నాడు. అప్పటికప్పుడు కట్టిన పాట అది.

చెయ్యి వెనక్కి దాచకే
రొయ్య వాసనొస్తే రానియ్యే
సంద్రం కూడా అలాగే ఉంటది
ఎవరి కోసం కడుక్కోదు

కనకం గడప మీద కూర్చుని వింది. తర్వాత లేచి వచ్చి తడి చేతిని నా తీగల మీద పెట్టింది. వాసన నిజమే. నా బతుకులో నేను అసహ్యించుకోని చెయ్యి అదొక్కటే.

"ఇది బయటెక్కడా పాడకు బావా," అంది. "ఇది నాది."

"నీదే. ఒట్టు," అన్నాడు.

ఆ ఒట్టు నా మీద చెయ్యి పెట్టి వేశాడు.

కొన్నాళ్ళకి అతనికి హైదరాబాదు నుంచి పిలుపొచ్చింది. ధ్రువకాంత్ అనే సంగీత దర్శకుడు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, వేలికో రాయి. గిటారు మీద ఒక్క వరుస వాయించడం రాదు. సునందరావు కృష్ణానగర్‌లో ఒక గదిలో దిగి ఆయన కింద పనిచేయసాగాడు. ట్యూన్లు కట్టేది, వాయించేది, వెనక గొంతులు పాడేది అంతా ఇతనే. తెర మీద పేరు ఆయనది. ఆ లోకంలో అది మోసం కిందికి రాదట, పద్ధతట.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ట్యూను వినిపించేటప్పుడు ఉత్త లలలా పాడితే దర్శకులకు ఎక్కదు. అందుకని కొలతకు సరిపోయేలా నోటికొచ్చిన మాటలు పెట్టి పాడతారు. టీ తాగావా, టిఫిను చేశావా, ఆటో దొరికిందా, ఇలాగ. వాటిని డమ్మీ మాటలంటారు. ట్యూను నచ్చాక రచయిత వచ్చి అదే కొలతకు అసలు మాటలు రాస్తాడు. గాయకుడు వచ్చి పాడాక డమ్మీ గొంతును చెరిపేస్తారు. సునందరావు డమ్మీలు పాడటంలో ఆరితేరాడు.

ఒక మధ్యాహ్నం ధ్రువకాంత్ ఆఫీసులో ఒక సినిమా దర్శకుడు కూర్చున్నాడు. ముందు మిరపకాయ బజ్జీల పళ్ళెం. సునందరావు వినిపించిన ట్యూన్లన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. మధ్యలో ఒకసారి నూనె చేత్తో నా తీగల్ని గీకి "ఇది పనిచేస్తోందా అసలు?" అని నవ్వాడు. ధ్రువకాంత్ కళ్ళద్దాలు తీసి సునందరావు వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం, ఇది కుదరకపోతే మనిద్దరి పనీ ఇంతే.

సునందరావు నన్ను ఒళ్ళోకి సర్దుకున్నాడు. తర్వాత, వాయించకూడనిది వాయించాడు. మాటలు మార్చి పాడదామనే చూశాడు. ఆ ట్యూనుకి వేరే మాటలు అతని నోట రాలేదు. "చెయ్యి వెనక్కి దాచకే, రొయ్య వాసనొస్తే..." అని అసలువే వచ్చేశాయి.

దర్శకుడు నమలడం ఆపాడు.

"ఏంటి బాసూ, డమ్మీకి రొయ్యలు దొరికాయా నీకు?"

"అవి డమ్మీ కాదు సార్. అసలు మాటలే."

"అదే నేనూ అంటున్నా. డమ్మీయే అసలుకన్నా బాగుంది. రొయ్యలు ఉంచేయండి! పిల్లని రొయ్యతో పోల్చి ఐటం సాంగ్ రాయించండి. థియేటర్లు ఊగిపోవాలి."

"సార్, అది మా ఇంట్లో..." అని సునందరావు మొదలుపెట్టాడు.

ధ్రువకాంత్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంట్లో పాట ఊరంతా పాడుతుంది బ్రదర్. అంతకన్నా ఏం కావాలి?"

అప్పుడే నన్ను చంకన పెట్టుకుని బయటికి వచ్చేయవచ్చు. రాలేదు. ఇన్నేళ్ళలో అతని ట్యూనుకి ఒక గది అలా ఊగడం అదే మొదటిసారి. మెప్పు అంటే ఏమిటో నాకు తెలియదు కానీ, అది తగిలిన మనిషి వేళ్ళు ఎంత జిగటగా తయారవుతాయో ఆ రోజు తెలిసింది.

రచయిత కొత్త మాటలు రాశాడు. "రొయ్యల పిల్లా రావే ఇల్లా, తొక్క తీసి వేపుకోనా..." మిగతాది నేను చెప్పను. నా తీగలకైనా సిగ్గుంది. తెలుగు రాని గాయకుడొకడు అర్థం తెలియకుండా హుషారుగా పాడి వెళ్ళాడు. వెనక హొయ్ హొయ్ అనే గుంపు గొంతులన్నీ సునందరావువే. గుంపు గొంతులు కాబట్టి వాటిని చెరపలేదు.

పాట పిచ్చిగా ఆడింది. సునందరావు నన్ను తీసుకుని ఇంటికి వెళ్ళాడు. కనకం అన్నం పెట్టింది. అతను తినడం అయ్యాక కంచం తీస్తూ అంది:

"పాటెలాగుందని అడగవేటి బావా?"

అతను తువ్వాలుకి చెయ్యి తుడుచుకోసాగాడు.

"బాగుందిలే. మా బస్సు ఆగితే చాలు, ఆటోలోళ్ళు మమ్మల్ని చూసి అదే పాట. నిన్న సూపర్వైజరు గేటు కాడ అందుకున్నాడు, తొక్క తీసి వేపుకోనా అని. అందరూ నవ్వేరు. నానూ నవ్వేను. నవ్వకపోతే నీకేటయిందని అడుగుతారు కదా."

"కనకం, వాళ్ళు మాటలు మార్చేశారు. నేను కాదు..."

"ఎనకాల హొయ్ హొయ్ అంటంది ఎవులు? నీ గొంతు నాకు తెల్దేటి?"

ఆమె రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. మొగుడి ముందు ఆమె చేతులు దాచుకోవడం అంతకుముందు నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే సునందరావు నన్ను తీసుకుని బస్సు ఆగే చోటుకి వెళ్ళాడు. ఆటోలవాళ్ళు టీ తాగుతున్నారు.

"తమ్ముడూ, ఆ రొయ్యల పాట నేను కట్టిందే. దాని మాటలు అవి కావు. మా ఆవిడ కోసం కట్టింది. ఒక్కసారి వినండి."

"పాడన్నా, పాడు!" అన్నారు.

అసలు మాటలతో పాడాడు. మొదటి చరణం దాటలేదు. వాళ్ళందరూ కలిసి సినిమా మాటలే అందుకున్నారు. కరెంటు లేని నా గొంతు ఆ అరుపుల్లో ఎంత? ఒకడు ఫోనులో తీశాడు. ఆ వీడియో కింద జనం రాసిన తీర్పు ఏమిటంటే, ఎవడో గిటారు పట్టుకుని సినిమా పాట కాపీ కొట్టి నాదంటున్నాడని. షిఫ్టుకి వచ్చిన ఆడవాళ్ళు గుంపుగా నిలబడి చూశారు. వాళ్ళలో కనకం ఉంది. బస్సెక్కి, మా వైపు కిటికీ దగ్గర కాకుండా అవతలి పక్కకి వెళ్ళి కూర్చుంది.

మనుషులు ఒక పాటను నోట్లో వేసుకుని నమిలి, దాని తొక్కను దాని సొంతదారు మీదే ఉమ్మగలరని నేను కలకత్తాలో ఉండగా అనుకోలేదు.

సునందరావు నన్ను తీసుకుని మళ్ళీ హైదరాబాదు, ధ్రువకాంత్ ఆఫీసుకి వెళ్ళాడు. ఈసారి పని కోసం కాదు.

"సార్, మీరు ఇంటర్వ్యూలిస్తున్నారు. ఒక్కదాంట్లో చెప్పండి. ఈ పాట రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె మీద కట్టిందనీ, అసలు మాటలు వేరనీ. నా పేరు కూడా వద్దు. ఆ నాలుగు లైన్లు మీ నోటితో చదివితే చాలు. వాళ్ళని ఆ పాటతో ఏడిపించేవాళ్ళు కొంచెమైనా తగ్గుతారు."

ధ్రువకాంత్ చాలా కరిగిపోయాడు. "ఎంత మాట బ్రదర్! తప్పకుండా చెప్తా. నాకూ ఒకటి చెయ్. ఈ గిటారు ఇక్కడ ఉంచు. హిట్టిచ్చిన గిటారు కదా, నాకు సెంటిమెంటు."

సునందరావు నన్ను బల్ల మీద పెట్టాడు. ఒకసారి శ్రుతి చూశాడు. అంతే, వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ ఈ గదిలోనే తీశారు, నన్ను పక్కన పెట్టుకుని. పాట ఎలా పుట్టిందని అడిగితే ధ్రువకాంత్ కళ్ళు మూసుకుని, "విశాఖలో హోటల్ బాల్కనీ. ఎదురుగా సముద్రం. చేతిలో ఈ గిటారు. వేళ్ళు వాటంతటవే కదిలాయి," అన్నాడు. కనకం సంగతి లేదు. ఆ నాలుగు లైన్లూ లేవు. వాళ్ళు వెళ్ళాక "మర్చిపోయాన్రా" అని కూడా అనుకోలేదు. సమోసా తెప్పించుకున్నాడు.

అప్పటినుంచి నేను అద్దాల బీరువాలో ఉన్నాను. కింద ఇత్తడి పలక మీద "రొయ్యల పాట పుట్టిన గిటారు" అని చెక్కించారు. శుక్రవారం శుక్రవారం అగరొత్తి వెలిగిస్తారు. నా మెట్ల సందుల్లో కుంకుమ దూరింది, మెడకు కట్టిన నిమ్మకాయ కుళ్ళి నీళ్ళు కారుతోంది. వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. దణ్ణం పెట్టినవాళ్ళూ ఉన్నారు.

ఈ మధ్య ధ్రువకాంత్ పాటలేవీ ఆడటం లేదు. మొన్న సాయంత్రం సోఫాలో వాలి తలకు నూనె రాసుకుంటూ, ఫోను స్పీకరులో పెట్టి సునందరావుని పిలిచాడు. అతను విశాఖలోనే ఏదో బడిలో పిల్లలకు సంగీతం చెబుతున్నాడని ఆ మాటల్లోనే తెలిసింది.

"బ్రదర్, పాతవి ఏమైనా ఉన్నాయా? ఇంట్లో పాడుకునేవి? మనలో మనకేంటి!"

"లేవండి," అన్నాడు సునందరావు.

అతని వెనక ఎవరో సన్నగా పాడుతున్నారు. ఆడగొంతు. కనకం. నేర్చుకుంటున్నట్టుంది, ఒక చోట తప్పి మళ్ళీ మొదటికి వస్తోంది. నేను ఎరగని పాట. మాటలు అందలేదు, వరుస మాత్రం అందింది. కిందికి దిగవలసిన చోట ఒక్క మెట్టు పైకెక్కింది. ఎక్కిందో లేదో సునందరావు గట్టిగా దగ్గాడు.

"కట్టడం మానేశానండి."

"అదేంటి, వెనకాల ఏదో బాగుంది?"

"పక్కింటోళ్ళ రేడియో సార్."

పాట చటుక్కున ఆగిపోయింది. ఎక్కడో గిన్నె చప్పుడు. ఆ తర్వాత, ఆపుకోలేక పక్కుమన్న ఒక ఆడనవ్వు, సగంలో నోరు మూసుకున్నట్టు. ఫోను ఆగిపోయింది.

ధ్రువకాంత్ ఫోను సోఫా మీద పడేశాడు. తర్వాత లేచి వచ్చి, శకునానికి కాబోలు, బీరువా తలుపు తీసి ఆ నూనె చేత్తోనే నా తీగలు మీటాడు. ఆ కొత్త వరుస నా చెక్కలో ఇంకా అలాగే ఉంది. చివరి మెట్టు దాకా ఉంది. నేను మాత్రం తుప్పు పట్టిన రేకులా గరగరమన్నాను.

"దీని పని అయిపోయినట్టుంది," అన్నాడాయన, చెయ్యి తుడుచుకుంటూ.

అయిపోయిందనే అనుకోనీ.