రాళ్ల సంచి

జోగినాయుడు అరుగు మీద గొంతుక్కూర్చుని, తెల్లటి అంటుపట్టీని కత్తెరతో అంగుళం ముక్కలుగా కోస్తున్నాడు. ఒక్కో ముక్క మీద సిరాతో ఒక్కో అంకె వేసి, ఆరడానికి నాపబండ మీద వరసగా పరుస్తున్నాడు. రెండు వందల నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. ఇవాళ కొట్టబోయే రాళ్లకు రాత్రే అంకెలు రాసి పెట్టుకోవలసింది. నడుము నొప్పితో వాలిన వాడు వాలినట్టే నిద్రపోయాడు.

లోపలినుంచి ఇంటి యజమానురాలు రామాయమ్మ కేకేసింది. "నీళ్లు తోడమంటావా అబ్బాయ్, వచ్చాక పోసుకుంటావా?"

"వచ్చాకేనండి."

"వచ్చాక ఎటూ తప్పదుగా. ఆ ఊరి చివర పల్లె మనిషితో పొద్దస్తమానం తిరిగొచ్చి, పోసుకోకుండా లోపలికి యాడొస్తావ్."

ఆమె మాటలో కోపం లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగానే అంది. జోగినాయుడు కూడా రోజూ లాగే "అలాగేనండి" అన్నాడు. ఈ ఊళ్లో గది దొరకడానికి అతను వారం రోజులు తిరిగాడు. ఇద్దరు కులం అడిగి ఊరుకున్నారు. ఒకాయన "ఏం ఉద్యోగం?" అని అడిగి, రాళ్ల మీద పరిశోధన అంటే నవ్వి తలుపేసుకున్నాడు.

అతనిది పాలకొండ దగ్గర చిన్న ఊరు. తండ్రి గోగు పండించి, చెరువులో ఊరబెట్టి, నార తీస్తాడు. ఆ కుళ్లిన గోగు వాసన లేని బట్ట జోగినాయుడు యూనివర్సిటీకి వచ్చేవరకు తొడగలేదు. ఊళ్లో ఎమ్మెస్సీ దాకా చదివినవాడు అతనొక్కడే. ఇప్పుడు పరిశోధన విద్యార్థి. గురజాల చుట్టుపక్కల సున్నపురాయి ఎక్కడ ఎంత మందంగా ఉందో, ఎటు వాలి ఉందో కొలిచి పటం గీయాలి. వచ్చి నాలుగు వారాలైంది. ఈ నాలుగు వారాల్లో తన నోటినుంచి తప్ప ఇంకెవరి నోటినుంచీ, ఏమిటి అనడానికి తమ వైపు అనే "ఏటి" అన్న మాట వినలేదు. తొలిరోజు హోటల్లో ఆ మాట అన్నందుకు నలుగురు తిరిగి చూసి నవ్వారు. అప్పటినుంచి దాన్ని మింగేస్తున్నాడు.

నిన్న ప్రొఫెసరు గారి ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి నాలుగు వందల నమూనాలు చేరాలి. కడప వైపు వెళ్లిన తోటి విద్యార్థి అప్పుడే రెండు పెట్టెలు పంపించాడట. ఆ ఒక్క వాక్యం చాలు. ఇంకా పన్నెండు రోజులుంది. సంచి మోసే జ్ఞానయ్య రోజుకి పది రాళ్లకు మించి మోయలేడు. మనిషిని మార్చమని ప్రొఫెసరు గారు రాయలేదు. అది జోగినాయుడే అనుకున్నాడు. నిన్న సాయంత్రమే వెళ్లి, బస్టాండులో బస్తాలెక్కించే సుభానీతో మాట్లాడి వచ్చాడు. రేపటినుంచి రమ్మన్నాడు. ఇక మిగిలింది జ్ఞానయ్యకు చెప్పడం.

వీధిలో దగ్గు వినిపించింది. జ్ఞానయ్యకు రెండు దగ్గులున్నాయి. వచ్చానని చెప్పే దగ్గు ఒకటి, ఆగని దగ్గు ఒకటి. ఇది మొదటిది. అరుగుకి నాలుగడుగుల దూరంలో, తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి, ఇప్పుడు ముందుకి వంగాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. మోచేతి మడతల్లో, చెవుల వెనక, మెడ గీతల్లో తెల్లటి దుమ్ము ఉంది. బండల గని మానేసి రెండేళ్లైనా ఆ దుమ్ము వదల్లేదు. మొదట్లో అది బూడిద అనుకున్నాడు జోగినాయుడు. తర్వాత తెలిసింది, అది కడిగితే పోయేది కాదని.

"పోదామా బాబుగారూ?"

"పద" అన్నాడు జోగినాయుడు. దారిలో చెబుదాం అనుకున్నాడు.

ఊరు దాటితే మిరపచేలు. కాయ కోసేసిన మొక్కలు ఎండి నిలబడ్డాయి. ఏప్రిల్ సగానికే నేల కాలుతోంది. గట్టు మీద కూర్చున్న రైతొకాయన జోగినాయుడి చేతిలో పటం చూసి లేచి వచ్చాడు. సాగరు డ్యాము పని మొదలైన దగ్గర్నుంచి, పటం పట్టుకున్న ప్రతి మనిషినీ ఈ పక్క జనం అడిగేది ఒకటే.

"కాలవ ఈ చేల మీదగా వస్తదా అయ్యా?"

"నాకు తెలీదండి. నేను చదువుకుంటున్నాను."

"రాళ్ల దగ్గర చదువేంది?"

"ఆయన పెద్ద పరీచ్చకి కట్టాడయ్యా" అన్నాడు జ్ఞానయ్య, తన కొడుకు సంగతి చెబుతున్నట్టు. "వాళ్ల దేశం నుంచి రెండు రోజులు రైల్లో వచ్చాడు దీని కోసరం."

రైతు జోగినాయుడి వైపు జాలిగా చూసి మళ్లీ గట్టెక్కాడు.

నాగులేటి ఇసకలోకి దిగేసరికి ఎండ మీద పడింది. ఏట్లో నీళ్లు లేవు. అక్కడక్కడా మడుగులు. ఒడ్డులు నిలువుగా తెగి, పొరలు పొరలుగా రాయి కనపడుతుంది. జోగినాయుడు పొర వాలు కొలిచి, పుస్తకంలో రాసి, సుత్తితో ఒక ముక్క కొట్టి, దాని మీద ఒక చుక్క ఆమ్లం వేస్తాడు. నురగ పొంగితే సున్నపురాయి. అంకె పట్టీ అంటించి జ్ఞానయ్యకిస్తాడు. జ్ఞానయ్య దాన్ని సంచిలో పడేయడు. వంగి, చెయ్యి లోపలిదాకా పెట్టి, ఎండుగడ్డి మీద పడుకోబెడతాడు.

మొదటి చోట చెప్పలేదు. రెండో చోట నోరు తెరిచి, "నీళ్లు కావాలా?" అన్నాడు. ఏడు రాళ్లయ్యాయి. జ్ఞానయ్యకు రెండో దగ్గు వచ్చింది. ఒడ్డుకి చెయ్యి ఆనించి, వంగి, చాలాసేపు దగ్గాడు. జోగినాయుడు వెనక్కి తిరిగి గడియారం చూసుకున్నాడు.

దగ్గు ఆగాక జ్ఞానయ్యే అన్నాడు. "రేపటేల నుంచి సుభానీ వస్తన్నాడంటగా."

జోగినాయుడు సుత్తి దించాడు. "ఎవరు చెప్పారు?"

"బస్టాండులో మాట్టాడింది యాడ దాగుద్ది బాబూ. మంచోడే. వయసోడు. నిండా ఏసినా మోస్తడు. కాకపోతే సంచి దబ్బున దించుతడు. రాయీ రాయీ కొట్టుకుని అంచులిరిగిపోతయ్. మజ్జెలో గడ్డి పెట్టమను."

"నీకు కష్టంగా ఉందని... నెలాఖరు దగ్గర పడిందని..."

"ఎందుకులే. నలభయ్యేళ్లు జేసిన గనోళ్లే ఒద్దన్నారు."

అందులో ఎత్తిపొడుపు వెతికాడు జోగినాయుడు. కనపడలేదు. పదేళ్ల వయసులో తండ్రి వెంట గనిలోకి దిగిన మనిషి. నరసరావుపేటలో ఎన్ని ఇళ్లకి, ఎన్ని కచేరీలకి, ఎన్ని గుళ్లకి, చర్చీలకి ఇతను పగలదీసిన బండలు పరిచారో! ఇతని ఇంట్లో మాత్రం మట్టినేల. ఒక్కగానొక్క కొడుకు జయరాజు సాగరు పనిలో తట్ట మోస్తూ భార్యాబిడ్డలతో అక్కడే ఉంటాడు. ఇదంతా జ్ఞానయ్య ఏకబిగిన ఎప్పుడూ చెప్పలేదు. నాలుగు వారాల నడకలో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. జోగినాయుడు కొలతలు రాసుకుంటూ ఊఁ కొట్టాడు.

"ఇంతకీ నువ్వు ఎతికేదేంది బాబూ? నెల బట్టి కొడతన్నావ్, రాస్తన్నావ్. నాకైతే అర్థం కాలా."

ఈ ఊరొచ్చాక ఆ ప్రశ్న తెలుసుకోవాలని అడిగిన మొదటి మనిషి అతనే. జోగినాయుడు సుత్తి కాడతో ఇసకలో గీతలు గీశాడు. ఇక్కడిదాకా సున్నపురాయి. దీని కింద పలకలు పలకలుగా విడిపోయే వేరే రాయి ఉండాలి. ఒకటి ఆగి రెండోది మొదలయ్యే గీత ఎక్కడో బయటపడి ఉండాలి. అది దొరికితే పటం సగం అయినట్టే. నెల రోజులుగా దొరకలేదు.

జ్ఞానయ్య గీతల వైపు చూసి చిన్నగా నవ్వాడు. "దానికా! మేం బండ కోసరం తవ్వతా పోయి, ఆ పెంకురాయి తగిలితే ఇంక అడుగైపోయిందని ఆపేస్తాం. మొదటి రోజే అడిగితే సూపిచ్చేవాణ్ణిగా."

ఏటి వంపు తిరిగి, చిల్లచెట్ల పొద దాటి, ఫర్లాంగు దూరం తీసుకెళ్లాడు. దారిలో రెండుసార్లు కూర్చున్నాడు. సంచి మాత్రం దించలేదు. ఒడ్డు మీద వేపచెట్టు దగ్గర ఆగి, కింద నీడపట్టున ఒడ్డు తెగిన కోతను చూపించాడు. "అదిగో. నేనిక్కడ కూకుంటా. నువ్వు దిగు."

జోగినాయుడు జారుకుంటూ దిగాడు. అక్కడే ఉంది. బూడిదరంగు సున్నపురాయి కింద ఊదారంగు పలకరాయి, మధ్యన చాకుతో గీసినట్టు గీత. గీతకు పైన ఆమ్లం పొంగింది. కింద పొంగలేదు. కొలిచాడు, గీశాడు, మళ్లీ కొలిచాడు. పైనుంచి కిందికి, చేతికి అందినంతవరకూ రాళ్లు కొట్టి పన్నెండు అంకెలు అంటించాడు. ప్రొఫెసరు గారికి రాయబోయే ఉత్తరంలో మొదటి వాక్యం ఆలోచించుకున్నాడు. గంట గడిచిందో, రెండు గడిచాయో.

"జ్ఞానయ్యా! సంచి తీసుకురా!"

మళ్లీ పిలిచాడు. మూడోసారి అరిచాడు. ఒళ్లంతా చెమట, ఆకలి. చికాకు ముంచుకొచ్చింది.

"పనిలోకొచ్చి నిద్రేటి? ఇందుకే కదా రేపట్నించి వద్దనుకున్నాను!"

అంతమాట అన్నాక పైకెక్కాడు. జ్ఞానయ్య వేపమొద్దుకి వీపానించి, కాళ్లు చాపి కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీ మీద ఆనింది. సంచి పక్కన నిటారుగా నిలబెట్టి ఉంది. కనురెప్ప మీద ఈగ వాలింది. రెప్ప కదల్లేదు.

"జ్ఞానయ్యా, లెగు. ఏటయింది? లెగు, జ్ఞానయ్యా."

నీళ్ల సీసా మూత తీసి అతని పెదాలకు ఆనించాడు. ఇన్నాళ్లూ ఎత్తునుంచి దోసిట్లో పోసేవాడు. నీళ్లు మూలలనుంచి కారి చొక్కా తడిపాయి. ముఖం మీద ఇంకా చెమట చల్లగా ఉంది.

అరమైలు దూరంలో ఉన్న గనికి పరిగెత్తాడు. నలుగురు మనుషులు కావిడిబద్దలూ గోనెపట్టాలూ పట్టుకుని వచ్చారు. అందరూ జ్ఞానయ్య పల్లెవాళ్లే. ఒకతను ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తన తలగుడ్డ తీశాడు. పట్టాలో పడుకోబెట్టి ఎత్తుకున్నాక, వెనకాలున్నతను అడిగాడు.

"మీ రాళ్లు ఇక్కడే ఉంచుతారా అయ్యా?"

వదిలేస్తాననే అనాలి. ఆ మాట పెదాల దాకా వచ్చింది. కింద కోత దగ్గర అంకెలంటించిన పన్నెండు రాళ్లున్నాయి.

"తెస్తాను" అన్నాడు.

దిగి, రాళ్లన్నీ సంచిలో వేసి, భుజానికెత్తుకున్నాడు. లేవబోతే మోకాలు మడతపడింది. రెండోసారికి లేచాడు. అతను ఆ సంచి మోయడం అదే మొదటిసారి. తాడు మెడపక్క ఎముకలోకి దిగింది. పందొమ్మిది రాళ్లు. శవం మోస్తున్నవాళ్లు ముందుకి పోయారు. అతను వాళ్ల వెనక, పల్లెదాకా రెండు మైళ్లూ, భుజం మార్చుకుంటూ నడిచాడు. గట్టు మీద రైతు లేచి నిలబడి, ఈసారి ఏమీ అడగలేదు.

జ్ఞానయ్య భార్య మణెమ్మ గుమ్మంలో జొన్నలు చెరుగుతోంది. మనుషుల్ని చూసి చేట కింద పెట్టింది. ఏడవలేదు. శవాన్ని మంచం మీద దించాక చెంబుతో నీళ్లు తెచ్చి, కాళ్లకంటిన ఏటి ఇసక కడిగింది. వేళ్ల మధ్యన కూడా కడిగింది. పక్కింటివాళ్లు వచ్చి గొల్లుమన్నాకే ఆమె గొంతు లేచింది. సాగరులో ఉన్న కొడుకు జయరాజుకి కబురు పోయింది. ఎండలకి శవం ఆగదన్నారు పెద్దలు. పొద్దు వాలకముందే పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. నలుగురూ తలా గుప్పెడు మట్టి వేశారు. జోగినాయుడు కూడా వేశాడు.

వెళ్లొస్తానని చెప్పడానికి మణెమ్మ దగ్గర ఆగాడు. ఆమే అడిగింది.

"మజ్జానం కూడు తిన్నాడా బాబూ?"

జ్ఞానయ్య ఎప్పుడు తినేవాడో, ఎక్కడ కూర్చుని తినేవాడో అతనికి తెలియదు. నాలుగు వారాలూ పొద్దు నెత్తికెక్కగానే చెరో పక్కకి వెళ్లేవాళ్లు.

"తిన్నాడు" అన్నాడు.

ఆమె తలూపింది. కాస్సేపటికి పైటతో ముక్కు తుడుచుకుని, నెమ్మదిగా అడిగింది. "మరి గిన్నేది? సత్తుగిన్నె. ఇంట్లో అదొక్కటే ఉంది బాబూ."

"రేపు తెస్తాను."

రామాయమ్మకు కబురు ముందే అందింది. బావి దగ్గరే నీళ్లు పెట్టించి, బట్టలు తడిపి రమ్మంది. అతను పోసుకున్నాడు. "దిక్కుమాలిన ఎండలు" అంటూ ఆమె అన్నం వడ్డించింది. రెండు ముద్దలు తిని లేచాడు.

తెల్లారి సుభానీ వచ్చాడు. జ్ఞానయ్య సంగతి విని, చెప్పులు విడిచి చేతబట్టుకుని కొంతదూరం అలాగే నడిచాడు. ఏట్లోకి దిగాక, "ముందు యాడ కొడదాం సారూ?" అన్నాడు. జోగినాయుడు వంపు దాకా నడిచి, ఒడ్డెక్కాడు. మొద్దు దగ్గర గడ్డి నలిగి ఉంది. చుట్టూ వెతికాడు. పొదల్లో వెతికాడు. చివరికి సుభానీయే పైకి చూపించాడు.

కుక్కలకందకుండా, మనిషి చెయ్యి చాస్తే అందే ఎత్తులో, వేపకొమ్మకి సత్తుగిన్నె వేలాడుతోంది. ఎర్రంచు పాతగుడ్డలో కట్టిన మూట. కొమ్మ వెంబడి చీమలు బారు కట్టాయి. మణెమ్మ వేసిన ముడి వేసినట్టే ఉంది.