చతుర్దశి చంద్రుడు

పెళ్లిచూపుల్లో వెంకట్రాజం అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "బీఎస్సీల కెమిస్ట్రీ ఉన్నదా?"

ఉన్నదని చెప్పింది సరోజన. వంట వచ్చా, కుట్లు వచ్చా అని కాకుండా తన చదువును గురించి అడిగిన మొదటి మగవాడు అతనే. ఆ సంతోషంతోనే ఆమె ఆ సంబంధానికి తల ఊపింది. కాపురానికి వచ్చిన నెలకే హనుమకొండ చౌరస్తాలోని అతని ఫొటో స్టూడియోలో, రీళ్లు కడిగే చీకటిగదిలో జీతానికి పనిచేసే మనిషిని మాన్పించారు. ఆ ప్రశ్నలోని అంతరార్థం ఆమెకు అప్పుడు బోధపడింది. ఇల్లు స్టూడియో వెనకనే. ఇంటిపని ముగించి, అత్త చిలుకమ్మకు అన్నం పెట్టి చీకటిగదిలోకి వెళితే, మళ్లీ రాత్రి వంటవేళకే బయటికి రావడం. చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా ఫొటోలు తీసేది భర్త. ఆ పెళ్లికూతుళ్ల ముఖాలను మందునీళ్లలోంచి పైకి తెచ్చేది సరోజన. "మా కోడలు ఖాళీగ కూసోదు, దుకాణంల జర చెయ్యి సాయం జేస్తది" అని చిలుకమ్మ వాడకట్టులో చెప్పుకునేది. ఆరేళ్లుగా ఆ చెయ్యి సాయం మీదే దుకాణం నడుస్తోందన్న సంగతి ఆ ఇంట్లో ఒక్క సరోజనకే తెలుసు.

ఆ ఆరేళ్లలో ఆమె ఒక్కసారి కూడా కెమెరా పట్టుకోలేదు. ప్రతి రీలు చివరా రెండు మూడు బొమ్మలకు చోటు మిగిలేది. వెంకట్రాజం కెమెరాను రోడ్డు మీదికి తిప్పి టకటకా నొక్కి రీలు ముగించి, కడగమని ఆమె చేతికిచ్చేవాడు. ఎవరివో కాళ్లు, సైకిలు చక్రం, ఉత్త ఆకాశం. వాటిని కడుగుతున్నప్పుడల్లా ఆమె లోపల ఏదో గీరుకునేది. పంతొమ్మిది వందల ఎనభై రెండు ఎండాకాలంలో ఒకనాడు అడిగేసింది: "ఆ మిగిలినయి నేను తియ్యనా?"

"ఏం తీస్తవ్? పప్పు గిన్నెనా?" అని నవ్వాడు గానీ ఇచ్చాడు. ఎలాగూ పారేసేవే.

ఆమె చంద్రుణ్ణి తీసింది. ఎందుకు చంద్రుణ్ణే అంటే, ఆరిన బట్టల కోసం డాబా ఎక్కే ఆడదాన్ని ఎవరూ ఎందుకని అడగరు. అక్కడి నుంచి కనిపించేవి ఎదురుగా ఉన్న గుట్ట, దాని మీద చంద్రుడు, అంతే. రాత్రి కదా అని కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచింది. కడిగి చూస్తే తెల్లటి అప్పడం పడింది. ఆ తెల్లని మచ్చ ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. చారు పొంగుతున్నా, అత్త మోకాళ్లకు నూనె రాస్తున్నా, వెంకట్రాజం పక్కన పడుకుని కళ్లు తెరుచుకుని ఉన్నా, ఎందుకలా పడిందన్న ఒక్క ప్రశ్నే తిరిగేది. ఒక సాయంత్రం చీర మడతపెడుతూ మధ్యలో ఆగిపోయింది. రాత్రి మనకు. చంద్రుడి మీద అప్పుడు ఎండ కాస్తోంది. ఎండలో ఉన్న బండను ఎలా తీస్తారో అతణ్ణీ అలాగే తీయాలి; సెకండులో నూరో వంతు చాలు. మరి గుట్ట కూడా కనబడాలంటే నేల మీదా వెలుగుండాలి. పున్నమినాడు చంద్రుడు గుట్టెక్కేసరికి పొద్దు పోతుంది. ముందురోజు, చతుర్దశినాడైతే పొద్దుండగానే వస్తాడు. మరుసటి నెల చతుర్దశికి గుట్ట బండలూ, ముఖం మీది మచ్చలతో సహా చంద్రుడూ ఒకే బొమ్మలో పడ్డాయి. ఎర్రబల్బు వెలుగులో ఆ మచ్చలు ఒక్కొక్కటే తేలివస్తుంటే, చూపించడానికి పక్కన ఎవరూ లేకపోవడం ఆమెకు మొదటిసారి భరించరానిదిగా అనిపించింది.

వెంకట్రాజం ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. బాగుందనలేదు. పెద్దది చేయించి, వెనక స్టూడియో ముద్ర వేసి, ముందరి అద్దాల బీరువాలో పెట్టాడు.

వానలు వెనకబట్టాక దాన్ని కేసముద్రం పత్తి వ్యాపారి రామలింగం సేటు చూశాడు. కొత్త సంవత్సరం క్యాలెండరుకు ఖిల్లాలోని రాతి తోరణంలో చంద్రుడు కావాలన్నాడు. "ఎట్ల తీసినవయా రాజం?"

"రాత్రంత డాబా మీద నిలబడ్డ సేటూ. ముప్పై సెకండ్లు తెరిచి పెట్టిన."

చీకటిగది తెర వెనక ట్రే కదుపుతున్న సరోజన చేతులు ఆగాయి. పేరు పోయినందుకు కాదు, పేరు ఎప్పుడూ లేదు. తన ఆలోచనను కూడా తప్పుగా చెబుతున్నాడు. అంతసేపు తెరిస్తే ఏమవుతుందో తెలియని మనిషి పేరు మీద ఆ చంద్రుడు వేల ఇళ్ల గోడలెక్కబోతున్నాడు.

ఆశ్వయుజ పున్నమికి వెంకట్రాజం ఖిల్లాకు వెళ్లి వచ్చాడు. రీలు కడిగితే నల్లటి చీకట్లో కోడిగుడ్ల లాంటి తెల్లటి మచ్చలు.

"నువ్వు కడుగుట్లనే ఖరాబైంది" అన్నాడు.

"చదువుకున్న పిల్లని తెచ్చుకుంటే రీలు మాడగొట్టె" అంది చిలుకమ్మ.

సరోజన తడి రీలును తీగకు తగిలించింది. కాసేపటికి అతనే గొంతు తగ్గించాడు. "పగటిపూట తీసిన తోరణం ఉన్నది. నీ చందమామను తీసి అండ్ల కలుపు. సేటుకేం ఎరుక?"

నీ చందమామ. ఆ మాట ఆమెలో రెండు రోజులు తిరిగింది. చీకటిగదిలో అది తనది; తెర దాటితే అతనిది. ఇప్పుడు తనే కూర్చుని ఆ అబద్ధానికి అతుకు కనబడకుండా చేయాలి. చేయగలదు కూడా, అదే ఆమెను కలవరపెట్టింది. ఇన్నాళ్లూ ఆమె పనితనమంతా అతని తప్పులను మాయం చేయడానికే పోయింది.

మూడోరోజు సేటు వచ్చాడు. "ఏమయా, తోరణం బొమ్మ తయారేనా?"

"అయితాంది సేటూ. లోపట మా ఇంటామె కడుగుతాంది."

సరోజన తెర తీసుకుని ముందుకు వచ్చింది. "కడుగుతలేను సేటూ. అది అతుకుల బొమ్మ, నేను అతుకను. అద్దంల ఉన్న చందమామను తీసింది నేను. తోరణం కాడ గూడ నేనే తీసిస్త, వచ్చే చతుర్దశికి."

వెంకట్రాజం కెమెరా స్టాండు మరను తిప్పుతూ ఉండిపోయాడు. సేటు ఇద్దరినీ మార్చి మార్చి చూసి పగలబడి నవ్వాడు. "రాత్రంత నిలబడ్డ అంటివి గదయా! పోనీ, ఎవలు తీస్తేంది, బొమ్మ మంచిగ రావాలె. మరి కింద ఎవల పేరు అచ్చేసుడు?"

"సరోజన అని ఏయిండ్రి."

ఆ పేరు తన నోట విని ఎంత కాలమైందో ఆమెకు గుర్తు రాలేదు.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు వెంకట్రాజం ఆ రాత్రి. "నేనైతే రాను. ఒక్కదానివి ఎట్ల పోతవో పో." ఆమె వెళ్లదన్న నమ్మకంతోనే అన్నాడు. కానీ ఆ మాటతో తను అనుమతి ఇచ్చేశానని అతను గ్రహించలేదు.

కార్తీక చతుర్దశి నాటికి పెళ్లి రీళ్లు కుప్పపడ్డాయి. చిలుకమ్మ పొద్దున్నుంచే మొదలుపెట్టింది: "రేపు పున్నమి. ఇల్లెవలు అలుకుతరే, నీ చందమామ దిగొస్తడా?"

"వచ్చినంక అలుకుత అత్తమ్మా." సరోజన రీళ్లను భర్త ముందు పేర్చి, కెమెరా సంచి భుజాన వేసుకుంది. "ఇవి రేపటికి ఇయ్యాలె. మందు కలిపి పెట్టిన. రీలు విప్పేటప్పుడు ఎర్రబల్బు గూడ ఎయ్యకుండ్రి."

"నాకు చెప్తానవా?"

"ఆరేండ్లాయె గదా మీరు ఆ గదిలకు రాక."

ఖిల్లా దగ్గర రిక్షా దిగేసరికి తోరణం రాళ్ల మీద ఎండ ఇంకా పచ్చగానే ఉంది. తూర్పున పొలాల పైన చంద్రుడు పలచగా తేలాడు. ఆమె స్టాండు నిలబెట్టింది. మేకలను తోలుకొస్తున్న ఒక ముసలమ్మ ఆగి చూసింది.

"పున్నమి రేపు గదా బిడ్డా?"

"ఇయ్యాల్నే మంచిగ పడుతడవ్వా."

ముసలమ్మ తోరణం చుట్టూ కలియజూసింది. "మీ ఆయన ఏడి? ఒక్కదానివే వస్తివా?"

"ఒక్కదాన్నే. ఆయన ఇంటికాడ రీళ్లు కడుగుతాండు" అంటూ, చంద్రుడు తోరణం దూలం కిందికి సరిగ్గా వచ్చే చోటు కోసం సరోజన ఇంకాస్త వెనక్కి జరిగింది.