రాబర్ట్ సాకెట్

అండమాన్‌లోని మాయాబందర్ బజారులో రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసే జీవరాజుతో కాపురం చేయాలంటే ఓపిక కావాలి. సంతోషకుమారికి ఉన్న ఓపిక కాస్తా ఈ యాంప్లిఫయర్ ధర్మమా అని అడుగంటింది. గిటార్ మోగాలంటే యాంప్ కావాలి, సరే. పోర్ట్‌బ్లెయిర్ షాపులో తయారుగా పెట్టి ఉంది. పొద్దున్న బస్సెక్కిస్తే సాయంత్రానికి ఇక్కడ దిగుతుంది, ప్లగ్గు పెడితే మోగుతుంది. బుద్ధున్నవాళ్లంతా చేసే పని అదే. ఈ మహానుభావుడు మాత్రం మద్రాసు నుంచి ఓడ మీద కిట్టు తెప్పించాడు. పెట్టె విప్పితే గాజు వాల్వులు, చుట్టలు చుట్టలుగా తీగలు, పొట్లాల నిండా రంగుచారల బుల్లి ముక్కలు.

"రెడీమేడ్‌కి ఏటి తక్కువైనాదండీ?" అని అడిగింది.

"అది ఎవడో కట్టీసింది. ఇది నాకు నచ్చినట్టు నేను కట్టుకుంటాను. థోడా ఆగు, సంతోషా."

ఆ థోడా కాస్తా వానాకాలమంతా మింగేసింది.

ఆమె చిరాకు నిజానికి యాంప్ గురించి కాదు. సునామీ వచ్చినప్పటి నుంచి ఆయన గిటార్ ముట్టుకోలేదు. అంతకుముందు అన్నదమ్ములిద్దరూ చర్చిలో ఒక్క యాంప్‌కే వైర్లు గుచ్చి వాయించేవారు. ఎడమ సాకెట్ జీవరాజుది, కుడిది తమ్ముడు రాబర్ట్‌ది. ఆ ఏడు క్రిస్మస్ పాటలకని రాబర్ట్ యాంప్ పట్టుకుని దక్షిణాన ఉన్న హట్‌బేకి వెళ్లాడు. పండగ మర్నాడు సముద్రం వచ్చి ఇద్దర్నీ పట్టుకుపోయింది, మనిషినీ యాంప్‌నీ. అప్పట్నించి ఎవరు వాయించమన్నా జీవరాజు "యాంప్ లేదు కదా" అనేవాడు. మూడేళ్లుగా అదే మాట. ఈ ఆదివారం కొత్త చర్చి ప్రతిష్ఠ. ఆ రోజైనా వాయించకపోతే ఇంక ఈ జన్మకి వాయించడని సంతోషకుమారి భయం. ఆ మాట నోట రాక కిట్టుని తిట్టేది.

తిట్టడానికి కారణాలూ తక్కువేం లేవు. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుమన్నది తుప్పు పట్టిపోతుంది, బియ్యమైతే తేమ పీల్చేస్తుందని కిట్టు సామానంతా ఆయన బియ్యం డ్రమ్ములో దాచాడు. వంట చేసినప్పుడల్లా బియ్యంలో స్క్రూలు ఏరుకోవడం ఆమె వంతైంది. ఒకసారి కూరలోకీ వచ్చింది ఓ ముక్క. "ఉడికినా పరవాలేదు, అది గట్టిది" అన్నాడు ఆయన.

డ్రమ్ము పక్కనే దేవుడి డబ్బా ఉండేది. బియ్యం కొలిచినప్పుడల్లా అందులో ఓ పిడికెడు తీసిపెట్టడం వాళ్ల సంఘంలో ఆడవాళ్ల అలవాటు. ఆదివారం ఆ డబ్బా చర్చికి వెళ్తుంది, అక్కణ్ణుంచి లేనివాళ్ల ఇళ్లకి వెళ్తుంది. మోసుకెళ్లేది జీవరాజే.

ప్రతిష్ఠకి ముందు శుక్రవారం, జెట్టీ దగ్గర ఒంటరిగా ఉండే అచ్చమ్మ వచ్చి గుప్పిట విప్పింది. అందులో గిటార్ వైరు గుచ్చే సాకెట్, మెరుస్తూ ఉంది.

"పిడికెడు బియ్యంలో వచ్చినాదమ్మాయ్. ఇలాటి సామాను మీ ఇంట్లో కాక ఇంకెవులింట్లో ఉంటాది. కొరికుంటే ఉన్న నాలుగు పళ్లూ ఊడిపోయీవి."

సంతోషకుమారికి తల కొట్టేసినట్టయింది. ఆఖరికి దేవుడి డబ్బాని కూడా వదల్లేదన్నమాట. సాకెట్ పట్టుకుని విసవిసా కొట్టుకి నడిచింది, దారి పొడుగునా అనాల్సిన మాటలు కూడబలుక్కుంటూ.

కొట్లో యాంప్ బల్ల మీద ఉంది. మూత బిగించి, వాల్వులు సన్నగా వెలుగుతూ. అది పూర్తయిపోయింది. ముందు పలక మీద ఎడమవైపు సాకెట్ ఉంది. కుడివైపు రంధ్రానికి నల్లటేపు అంటించి ఉంది.

"ఇది ఎప్పుడైందండీ?"

"కిందటి నెల్లోనే" అన్నాడు తలెత్తకుండా.

ఆమె సాకెట్ బల్ల మీద పెట్టింది. "ఇది అచ్చమ్మ పెద్దమ్మ బియ్యంలో దొరికినాది. డబ్బా మారిపోయిందా?"

ఆయన సాకెట్‌ని వేలితో ఓసారి దొర్లించాడు. తర్వాత, "లేదు. నేనే ఏసాను" అన్నాడు. "రెడీమేడ్‌కి రెండూ బిగించే వస్తాయి సంతోషా. మా రాబర్ట్‌ది ఖాళీగా కళ్లెదురుగా పెట్టుకుని ఎలాగ వాయించీది? కిట్టయితే ఒకటి వదిలీవచ్చనుకున్నాను. కానీ చెత్తలో పారీడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో ఉంచుకోలేకపోనాను. దేవుడి డబ్బాలో ఏసీసాను, ఆయనే చూసుకుంటాడని."

దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. వానాకాలమంతా తను పోట్లాడింది ఈ ఒక్క చిల్లుతోనా అని ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మళ్లీ ఒళ్లు మండింది. ఈ మాట జూన్‌లో చెప్పుంటే ఇన్ని స్క్రూలు ఏరాల్సి వచ్చేది కాదు కదా అనిపించింది.

"ఆయన చూసే తిరిగి పంపించీసాడు" అంది ముక్కు చీదుకుంటూ. "బిగించండి. జల్దీ."

ఆదివారం కొత్త చర్చిలో పాస్టరుగారు తలూపగానే జీవరాజు లేచాడు. యాంప్ ముందు వంగి, వైరు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మూడో వరసలో కూర్చున్న సంతోషకుమారి పళ్లు బిగబట్టింది. ఈయన ఇప్పుడేం మెలిక పెడతాడోనని.

ఆయన తన సాకెట్ వదిలేసి, కుడివైపు దాంట్లో గుచ్చి వాయించడం మొదలుపెట్టాడు.