ఇవాళ పది గ్రాములు

కటింగ్ మాస్టరుకి కూతురు నెలలు నిండకుండానే పుట్టింది. తొమ్మిది వందల గ్రాములు. ఆసుపత్రిలో అద్దాల పెట్టె ముందు దిక్కుతోచక నిలబడి ఉంటే, నర్సమ్మ అతన్ని ఫోనులో ఒక గ్రూపులో చేర్పించింది. నెలలు నిండని పిల్లల తండ్రులు మాత్రమే ఉండే గ్రూపు అది.

"అందరూ మీలాంటివాళ్లేనండి. ఊరికే చదవండి, మనసు కాస్త తేలికపడుతుంది," అంది.

అతను మాటకారి కాదు. దుకాణంలో బడిపిల్లల యూనిఫారం గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి, రోజంతా నోరు విప్పకుండా కత్తెర ఆడించే మనిషి. అయినా ఆ గ్రూపులో ఒక బస్సు డ్రైవరుతో జత కుదిరింది. వేరే ఊరి ఆసుపత్రిలో ఉన్న డ్రైవరు కూతురిదీ దాదాపు అదే బరువు. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరూ ఫోనులో బరువులు రాసుకునేవారు.

"ఇవాళ పది గ్రాములు పెరిగింది అన్నా!"

"మాది పన్నెండు. ఇలాగే పోతే మీ బస్సులో సీటు చాలదు తమ్ముడూ."

పందొమ్మిదో రోజు పొద్దున్నే కటింగ్ మాస్టరు కూతురు పోయింది.

ఆ మధ్యాహ్నం అతను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉండగా డ్రైవరు నుంచి కబురొచ్చింది. "మా పాప బరువు తగ్గిందన్నా. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మీ పాప ఎలా ఉంది?"

నిజం చెబితే ఆ మనిషి నిలువునా కూలిపోతాడనిపించింది. "బాగుంది. ఇవాళ పది గ్రాములు," అని రాశాడు.

ఇక ఆపడం చేతకాలేదు. రోజూ ఒక అంకె. ముక్కులో గొట్టం తీసేశారని ఒకరోజు, తన వేలు పట్టుకుందని ఒకరోజు. అదంతా డ్రైవరు కోసం రాస్తున్నాడో తనకోసమో అతనికే తెలియకుండా పోయింది. ఇంట్లో మాత్రం భార్యతో "తిన్నావా" అన్న మాట తప్ప మరో మాట లేదు.

ఒక ఆదివారం సాయంత్రం ఆమె అతని ఫోను తీసి మొదటినుంచీ చివరిదాకా చదివింది.

"పద్నాలుగు వందల గ్రాములు అయిందా?" అని అడిగింది.

అతను ఫోను కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇక్కడ నేను పాలు ఆగడానికి మాత్రలు మింగుతున్నాను. నువ్వు ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర బిడ్డని పెంచుతున్నావా? నాకూ చెప్పొచ్చుగా. అబద్ధమైనా వినేదాన్ని."

బిడ్డ పోయాక అతను ఏడవడం అదే మొదటిసారి. ఆమె పక్కన కూర్చుంది కానీ ఓదార్చలేదు.

మర్నాడు అన్నం ముట్టకుండా డ్రైవరుకి జరిగింది జరిగినట్టు రాశాడు. సాయంత్రం డ్రైవరు ఫోను చేశాడు. ఒకరి గొంతు ఒకరు వినడం అదే తొలిసారి.

"ఎంత పని చేశారన్నా! రోజూ మీ అంకె చూసుకునే బండి తీసేవాణ్ని. అదంతా ఉత్తదేనా?"

"ఉత్తదే తమ్ముడూ."

అవతల హారన్లు వినిపించాయి. డ్రైవరు ఫోను పెట్టేశాడు.

రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. "పాపని ఇంటికి తెచ్చుకున్నాం. మీకు చెప్పాలో వద్దో తెలియలేదు. కోపం ఇంకా పోలేదన్నా. మీ పాపకి ఏం పేరు పెట్టారు?"

పెట్టలేదు. ఇంటికి తీసుకొచ్చాక పెడదామనుకున్నారు. ఏం రాయాలో తోచక, సాయంత్రం వంటింట్లో ఉన్న భార్యకి ఫోను చూపించాడు. ఆమె అది చదివి, చేతులు తుడుచుకుంది. కడుపులో ఉన్నప్పటినుంచీ బిడ్డని ఆమె ఒక పేరుతో పిలుచుకునేదట. అతనికి తెలియనే తెలియదు. ఇప్పుడు మెల్లగా చెప్పింది.

"ఏదీ, మళ్లీ చెప్పు," అన్నాడు.

మళ్లీ చెప్పింది. అతను ఒక్కొక్క అక్షరమే కొడుతుంటే భుజం మీదుగా తొంగిచూసి, "అక్కడ దీర్ఘం ఉంటుంది, చూసుకో," అంది.