శుక్రవారం దాటని చదువు

మధ్యాహ్నం మూడు కావస్తోందంటే హనుమక్కకు భయం పట్టుకునేది. ఆ వేళకు కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, వీధి దాటి, ఎదురింటి పుట్టమ్మ మంచం పక్కన కూర్చుని పుస్తకం చదవాలి. చదవడానికి భయం లేదు. ఎక్కడ ఆపాలి, ఆపడానికి ఈ పూట ఏం సాకు చెప్పాలి, అదే భయం.

పుట్టమ్మ చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసిన మనిషి. పని మానాక బాగేపల్లికి వచ్చి కూతురు హేమావతి దగ్గర ఉంటోంది. కడుపులో గడ్డ లేచి మంచం పట్టింది. నెల రోజులకు మించి ఉండదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. ఏసుప్రభువును నమ్ముకున్న పుట్టమ్మకు ఆఖరు కోరిక ఒకటే, ప్రభువు కథ మొదటి నుంచీ మళ్ళీ ఒకసారి వినాలని. హేమావతి అంగన్వాడి టీచరు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది కన్నడం. తనకొచ్చిన కన్నడంలోనే చదివి వినిపించబోతే తల్లి రెండో రోజే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు మే. కన్నడంలో దేవుడు తాలూకాఫీసులో సాహేబు మాట్లాడినట్ల మాట్లాడతాడు. నాకు మనింట్లో మాట్లాడినట్ల గావల్ల."

ఆ వీధిలో తెలుగు చదవడం వచ్చింది హనుమక్క ఒక్కతెకే. సోమేనహళ్ళిలో రెండో తరగతి దాకా కన్నడం చదివి మానేసిన పిల్ల, అనంతపురం వైపు నుంచి వచ్చే పొట్లం కాగితాల మీద తెలుగు అక్షరాలను కన్నడం అక్షరాలతో పోల్చి చూసుకుంటూ తనంతట తానే చదువు పట్టుకుంది. శనివారం శనివారం ఆంజనేయస్వామికి దీపం పెట్టే ఇల్లు ఆమెది. అయినా ఇరుగుపొరుగు మాట కాదనలేక, "చదివితే నోరేమన్నా అరిగిపోతాదా?" అని ఒప్పుకుంది. కథ ఎటు పోయి ఎక్కడ తేలుతుందో అప్పటికి ఆమెకు తెలియదు.

తెలిసింది మాత్రం కథలో గురువారం రాత్రి దగ్గర, ప్రభువును సిలువ వేసే శుక్రవారానికి ముందు రాత్రి. ప్రభువు తనవాళ్ళతో కూర్చుని భోజనం చేసి, తోటలోకి పోయి, నేల మీద బోర్లా పడి ప్రార్థన చేసుకుంటున్నాడు. హనుమక్క ఊరికే ఒక పుట ముందుకు తిప్పి చూసింది. ముళ్ళు, సిలువ, చావు. చటుక్కున పుస్తకం మూసింది.

ఆమె తండ్రి లక్ష్మణప్ప పురాణం చదివేవాడు. వీరుడు నేలకొరిగే ఘట్టం ఇంట్లో చదవకూడదనీ, రాముడి కథైతే పట్టాభిషేకం దగ్గర ఆపాలనీ ఆయన పట్టింపు. ఒక ఏడు చుట్టాలు బలవంతం చేస్తే పంచలో కూర్చుని ఆ ఘట్టం చదివాడు. ఎనిమిదో రోజుకు అవ్వ పోయింది. అప్పటికి హనుమక్కకు పన్నెండేళ్ళు. ఆ ఎనిమిది రోజులు ఇప్పటికీ ఆమె వేళ్ళ మీదే ఉన్నాయి.

"కండ్లు మండతాండాయక్కా," అని ఆ రోజుకు తప్పించుకుంది. అదే కథను నలుగురు నాలుగు విధాలుగా చెప్పి ఉండడం ఆమెకు దేవుడిచ్చిన దారిలా కనిపించింది. మర్నాడు రెండోవాడు చెప్పింది మొదలుపెట్టింది. గుడ్డివాడికి చూపు వచ్చింది, తుఫాను అణిగింది, మళ్ళీ గురువారం వచ్చింది. మళ్ళీ కళ్ళు మండాయి. మూడోవాడు చెప్పిందీ అంతే. డాక్టరు పెట్టిన నెల దాటింది, రెండో నెలా నిండింది, పుట్టమ్మ ఉంది. తాను శుక్రవారం చదవనంతవరకు ఆమెకేమీ కాదని హనుమక్క గట్టిగా నమ్మింది. నమ్మిన కొద్దీ భయం పెరిగింది. నాలుగోవాడు చెప్పింది కూడా కరిగిపోతోంది.

ఆ రోజు పుట్టమ్మ పాలు కూడా వద్దంది. నొప్పికి పళ్ళు బిగించి కాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత అడిగింది, "యాడికొచ్చినాం మే?"

"శిష్యుల కాళ్ళు కడుగుతాండాడక్కా."

"చదువు."

హనుమక్క చదివింది. ఎంత సాగదీసినా తోట రానే వచ్చింది. పుస్తకం మూసి కళ్ళజోడు తీసింది.

"కండ్లు..."

"నీ కండ్లకేం రోగం! పొద్దన కల్లంలో గింజలు ఏరుకునే కోడి మాదిరి ఉంటావి," అంది పుట్టమ్మ. "ముగ్గురు చెప్పిరి. ముగ్గుర్నీ గురువారం కాడ నిలబెట్టి వస్తివి. ఈయప్ప నాలుగోవాడు. ఐదోవాడు లేడు. రేపేం చదువుతావు, పంచాంగమా?"

వాకిట్లో రాగులు చెరుగుతున్న హేమావతి పక్కున నవ్వింది. హనుమక్కకు నవ్వు రాలేదు.

"చదివితే నువ్వు పోతావక్కా," అంది. 

పుట్టమ్మ ఆమెవైపు తిరిగింది. "ఓసి నీ! నన్ను కట్టేసింది నువ్వా? నేను మాత్రలనుకుంటాంటి," అని నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నెమ్మదిగా చెప్పింది. "శానా నొప్పిగా ఉండాది మే. నేను కాసుకోనుండేది శుక్రవారానికి గాదు, దాని అవతల ఉండేదానికి. శుక్రవారం చదవకపోతే ఆదివారం యాడనుంచి వస్తాది?"

అప్పుడు హనుమక్క తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది. ఆమె భర్త నంజప్ప బెంగళూరు ఆసుపత్రిలో పోయాడు. తాను కాఫీ తేవడానికి కిందికి దిగినప్పుడు ప్రాణం పోయిందని అందరికీ చెప్పుకుంది. అబద్ధం కాదు, నిజమూ కాదు.

"రోంతసేపు ఈడే ఉండమన్నాడక్కా. ఆయప్ప ఊపిరి మారింది. నాకు చూసేదానికి చేతగాలే. కాఫీ ఎవురికి గావల్ల? పారిపోతి. తిరిగొచ్చేసరికి మొగం మీద గుడ్డ కప్పిండారు."

హేమావతి చేట కింద పెట్టింది. వీధిలో చింతామణి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయాక పుట్టమ్మ చెప్పింది.

"ముప్పై ఏండ్లు వార్డులో ఉంటి. సావుకే భయపడినోళ్ళని తక్కువమందిని చూసినా. ఒంటిగా పోవల్ల గదా అనేదే అందరి భయం. ప్రభువుని పట్టుకున్నారో లేదో శిష్యులంతా పరారు. ఆయన ఒంటిగా పోయినాడు మే, ఇంగ ఎవురూ ఒంటిగా పోగూడదని. దానికే ఆ ప్రాణం ఇచ్చింది. నేను నమ్మింది అంతే, ఎక్కువ నాకు తెలీదు. నంజప్పన్న కాడినుంచి నువ్వు పారిపోయినావు. ప్రభువు పారిపోలే."

హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంగొకటి విను. పారిపోయినోళ్ళ కాడికే మళ్ళా వచ్చినాడు. వచ్చి ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"నేను చెప్పను. చదువు."

హనుమక్క పుస్తకం తెరిచింది.  ఒక్కొక్క వరుస చదవడం, తలెత్తి పుట్టమ్మ రొమ్ము కదులుతోందా అని చూడడం. కొరడాలు. సిలువ. కింద నిలబడి చూస్తున్న తల్లి. దాహమన్నాడు. తల వాల్చాడు. చదివి, ఊపిరి బిగబట్టి మంచం వైపు చూసింది.

"ఉండాన్లే," అంది పుట్టమ్మ కళ్ళు మూసుకునే. "పోనీ ముందుకు."

ముందుకు పోతే ఇంకా తెల్లవారని పొద్దు. సమాధి బయట ఒక ఆడమనిషి నిలబడి ఏడుస్తోంది. నా ప్రభువును ఎక్కడికో తీసుకుపోయారు, ఎక్కడ పెట్టారో తెలియదంటోంది. హనుమక్కకు ఆ ఏడుపు బాగా తెలుసు. వెనక ఎవరో నిలబడితే తోటమాలి అనుకుంది. ఆయన "మరియా" అన్నాడు.

హనుమక్క ఆగింది. వేలు ఆ మాట మీదే పెట్టి మళ్ళీ చదివింది.

"పేరు పెట్టి పిలిచినాడక్కా! సచ్చిపోయినాయప్ప, పేరు పెట్టి పిలిచినాడు!" ఊరంతా చుట్టి వచ్చి ముందుగా తానే కబురు చెబుతున్నట్టు అంది.

"నాకు తెలీదా మే? రెండు నెలలనుంచి ఆ మాటకే గదా కాసుకోనుండేది."

ఇద్దరు ముసలివాళ్ళూ నవ్వారు. హనుమక్క కళ్ళజోడు తడిసిపోయింది. తుడుచుకుని, ఎవరూ అడగకుండానే ముందుకు చదివింది. భయపడి తలుపులు బిగించుకున్నవాళ్ళ మధ్య ఆయన వచ్చి నిలబడ్డాడు. ఎందుకు పారిపోయారని అడగలేదు. మీకు సమాధానం కలగాలి అన్నాడు. ఆ రాత్రి హనుమక్క, చాలా ఏళ్ళకు, పడుకోగానే నిద్రపోయింది.

నాలుగో రోజు పొద్దున హేమావతి పరుగున వచ్చింది. "చిన్నమ్మా, బిన్నా రా! అమ్మకు ఎట్లనో ఉండాది."

గడపలోనే హనుమక్కకు ఆ ఊపిరి వినిపించింది. పైకి లాగి, చాలాసేపు ఆగి, మళ్ళీ లాగే ఊపిరి. ఆమెకది తెలుసు. కాళ్ళు వాటంతట అవే వెనక్కి మళ్ళాయి. డాక్టరును పిలుచుకొస్తానని చెప్పవచ్చు. నీళ్ళు తెస్తానని చెప్పవచ్చు. ఏదో ఒకటి చెప్పి వీధి దాటవచ్చు.

లోపలికి పోయి కూర్చుంది. ఒక చేత్తో పుట్టమ్మ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది, అయినా వేళ్ళు రవంత బిగిశాయి. రెండో చేత్తో పుస్తకం ఒడిలో ఆనించి పట్టుకుని, తెల్లవారని పొద్దు దగ్గర మొదలుపెట్టింది. ఈసారి తొందరపడలేదు, సాగదీయలేదు. మరియ ఏడ్చింది. తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచాడు.

లోపలికి పోయిన ఊపిరి బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి పోలేదు. హనుమక్క చూసింది. చూపు తిప్పుకోలేదు. హేమావతి "అమ్మా" అని మంచం కోడు మీద తల ఆనించింది.

పుట చివరికి వచ్చింది. తిప్పాలంటే పుట్టమ్మ చెయ్యి వదలాలి.

"హేమా," అంది హనుమక్క. "పుట తిప్పమ్మా. ఇంగా ఉండాది."