బుధవారం నాలుగో పీరియడ్

తీరిక అనే మాట వింటేనే పెద్ద మేడమ్‌కి ఒళ్ళు మండుతుంది. బడిలో ఏ టీచరు రాకపోయినా ఆ క్లాసు తనే తీసుకుంటుంది. గంట ఒక్క నిమిషం ఆలస్యమైతే తనే వెళ్ళి కొట్టేస్తుంది. గంట కొట్టాల్సిన ఆయాకి, పాపం, జీతం తీసుకోవడమే పనిగా మిగిలింది. ఇంత చాకిరీ చేసే మనిషికి కోపం ముక్కు మీద ఉండక ఎక్కడుంటుంది? ఆ కోపానికి ఎక్కువగా బలయ్యేది లెక్కల టీచరు, ఎందుకంటే ఆవిడ ఇరవై ఏళ్ళుగా స్నేహితురాలు.

ఆ స్నేహితురాలే ఇప్పుడు బదిలీకి దరఖాస్తు పెట్టుకుంది. శనివారంలోగా దాన్ని పై ఆఫీసుకి పంపాలి. సొరుగులో ఆ కాగితం కనబడినప్పుడల్లా మేడమ్‌కి గుండె కలుక్కుమంటోంది. ఉండిపొమ్మని అడగాలంటే ముందు పక్కన కూర్చోవాలి, కూర్చోవడానికి తీరికేదీ?

బుధవారం మూడో పీరియడ్ అయ్యాక గోడ మీది కొత్త టైంటేబుల్ చూసి కళ్ళద్దాలు సవరించుకుంది. నాలుగో పీరియడ్, ఆటసామాన్ల గది, పెద్ద మేడమ్.

"ఇదెవరు వేశారయ్యా?" అని గుమస్తాని నిలదీసింది.

"మీరే సంతకం పెట్టారు మేడమ్. సోమవారం, నలభై కాగితాలతో పాటు" అన్నాడు గుమస్తా, నేలచూపులు చూస్తూ.

చదవకుండా పెట్టానంటే పరువు పోతుంది. పోనీ మార్చేద్దామంటే, టైంటేబుల్ మార్చడానికి వారం ముందు రాసివ్వాలన్న రూలు పెట్టింది తనే. దాంతో ఎంతమందిని ఏడిపించిందో! పళ్ళు నూరుకుంటూ వెళ్ళింది.

గదిలో పిల్లల్లేరు. ఏళ్ళుగా పాత జవాబు పత్రాల కట్టలు మోస్తున్న టేబుల్ టెన్నిస్ బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. ఒక కాలు పొట్టి కావడంతో ఊగుతోంది. దాని అవతల బ్యాట్ పట్టుకుని లెక్కల టీచరు నిలబడింది.

"ఏంటే ఈ కోతివేషాలు?"

"వెళ్ళేలోపు ఒక్క ఆట ఆడదామని టైంటేబుల్లో నేనే వేయించాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ ఓడగొట్టేదానివిగా. ఇప్పుడు భయమా?"

"భయమా? నాకా?"

మొదటి బంతి కిటికీలోంచి వెళ్ళిపోయింది. రెండోది బీరువా కిందికి దూరింది. మూడోదాన్ని కొట్టబోయి మేడమ్ కాగితాల కట్టల మీద చతికిలబడింది. పడి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఎవర్రా ఆ అల్లరి చేసేది?" అంటూ తలుపు తోసిన పక్క క్లాసు మాస్టారు ఆవిణ్ణి చూసి, వచ్చిన దారినే పారిపోయాడు.

లెక్కల టీచరు మాత్రం నవ్వలేదు. "నువ్విలా నవ్వి ఏడేళ్ళయిందే. నీ అరుపులు పడలేక కాదు, ఇలా అయిపోయిన నిన్ను చూడలేక వెళ్ళిపోతానన్నాను" అంది.

మేడమ్ లేచి మళ్ళీ బ్యాట్ అందుకుంది. ఆట ముగుస్తూనే గంట మోగింది. ఆయా కొట్టింది, సరిగ్గా టైముకే.

ఇరవై ఒకటికి ఆరు. మేడమ్ చిత్తుగా ఓడిపోయింది.

శనివారం దరఖాస్తు లెక్కల టీచరు చేతికే తిరిగొచ్చింది. అంచున మేడమ్ రాత: "దరఖాస్తుదారు నా మీద గెలిచి ఉన్నారు. నేను బదులు తీర్చుకునేదాకా పంపడం కుదరదు. అయినా వెళ్ళాలనే ఉంటే బుధవారం నా మొహం మీదే చెప్పు, గడువు దాటినా సంతకం పెట్టి నేనే పట్టుకెళ్ళి ఇస్తాను."

బుధవారం మూడో పీరియడ్ అయిందో లేదో, మేడమ్ ఆ గదికి పరుగెత్తింది. లెక్కల టీచరు బంతి విసిరింది. బల్ల ఊగలేదు. మేడమ్ వంగి చూసింది. పొట్టి కాలి కింద నాలుగు మడతలు పెట్టిన దరఖాస్తు ఉంది.